నిప్పు ఊదినట్టు పలికే మాట

మా మేడమీద గదిలో అద్దెకుండే పిల్లని వీధంతా కాగితాలమ్మాయి అంటారు. పాత కచేరీలో చిరిగిన దస్త్రాలకు అతుకులు వేయడం ఆమె ఉద్యోగం. సాయంత్రం ఇంటికొచ్చి అద్దం ముందు కూర్చుని మూతి రకరకాలుగా తిప్పుతుంది. చూస్తూ ఊరుకోవడం నా వల్ల అయ్యే పనేనా? ఆరిన బట్టలు ఇచ్చే వంకతో మెట్లెక్కాను.

"ఏమే, పంటి నొప్పా?"

"కాదు పెద్దమ్మా, మా వాళ్ళ భాష!" అని పకపకా నవ్వింది.

వాళ్ళ నాయనమ్మ తల్లి తరంతో ఆ భాష ఆగిపోయిందట. నూరేళ్ళ కిందట ఒక వైద్యుడు, ఒక పన్నుల గుమస్తా చెవికి తోచినట్టు రాసుకున్న మాటల పట్టీలు కచేరీలో ఈ పిల్ల చేతికే తగిలాయి. రెండూ పక్కపక్కన పెట్టి, ఒకే మాటను ఎవరెలా రాశారో చూసి, నాలుక ఎక్కడ తగిలి ఉంటుందో తేలుస్తుంది. పెదాల ముందు సన్న కాగితం పట్టుకుని ఊపిరికి ఎంత ఊగిందో గీతలు గీస్తుంది. అన్ని శబ్దాలూ తేలాయి, ఒక్కటి తప్ప.

"ఆదివారం మా చిన్న నాయనమ్మ వస్తోంది. వాళ్ళమ్మ నోట ఆ భాష విన్నది ఇప్పుడు ఆమె ఒక్కతే. తొంభై దాటాయి. ఫోనులో రెండుసార్లు వినిపిస్తే, 'ఇది మా అమ్మ మాట కాదు' అని పెట్టేసింది. ఈసారీ కాదంటే ఇంక అడగడానికి ఎవరూ లేరు."

ఆ తేలని శబ్దం గురించి వైద్యుడేం రాశాడో చదివించుకున్నాను: ఆడవాళ్ళు పొయ్యిలో నిప్పు ఊదినట్టు.

"ఏదీ, ఊదు."

ఫూ! కాగితం కిటికీలోంచి వీధిలో పడింది.

"ఓసి పిచ్చిదానా, అది దీపం ఆర్పే ఊదుడు! గ్యాసు పొయ్యి ముందు పుట్టినదానివి, నీకేం తెలుసు? నిప్పు రాజెయ్యాలంటే పెదాలు సన్నం చేసి లోపల్నించి మెల్లగా ఊదాలి. బూడిద లేవకూడదు."

మూడు రోజులు అదే పని. నాకూ దవడలు లాగాయి.

ఆదివారం ముసలావిడ ఆయాసపడుతూ వచ్చి కుర్చీలో కూలబడింది. "కానీ, త్వరగా చెప్పు. బస్సు టైమవుతోంది."

ఆ శబ్దం ఉన్న మాట, ఆటల్లో ఉన్న పిల్లల్ని తల్లి ఇంటికి పిలిచేది. అమ్మాయి ఒక్కసారే అంది.

ముసలావిడ చేతికర్ర అందుకుని లేచింది. ఇదీ కాదని వెళ్ళిపోతోందనుకున్నాను. గుమ్మందాకా వెళ్ళి, వీధివైపు చూస్తూ, పసిపిల్ల గొంతుతో ఏదో గట్టిగా బదులిచ్చింది.

"ఏమందే?" అన్నాను.

"తెలీదు పెద్దమ్మా! ఏ పట్టీలోనూ లేదు!" అమ్మాయి పెన్సిలు కోసం గదంతా తిరగేస్తోంది.

"'ఇంకాసేపు ఆడుకుంటానమ్మా' అన్నాను. రాసుకో," అని ముసలావిడ మళ్ళీ కుర్చీలో కూర్చుంది.

ఆ బస్సు వెళ్ళిపోయింది. తర్వాతదీ వెళ్ళిపోయింది.