సంపెంగ కాపలా

చెన్నప్ప తోట లేఅవుట్‌లో ఇప్పుడు తోట లేదు. జామచెట్లు కొట్టి బంగళాలు కట్టారు. వాటి ముందు మళ్ళీ చెట్లు నాటుకుని, బెంగళూరులో ఇంత చల్లని వీధి ఇంకెక్కడుందని మురిసిపోతారు. కెంచయ్య వాళ్ళ తాత ఆ జామతోటకు వడిసెలతో కాపలా కాశాడు. బంగళాలు లేస్తున్నప్పుడు తండ్రి సిమెంటు బస్తాలకు కాశాడు. ఇప్పుడు కెంచయ్య రుద్రేశ్ బంగళా గేటు దగ్గర, పక్కనే ఇచ్చిన గదిలో ఉంటూ, కాపలా కూర్చున్నాడు. నేల చేతులు మారింది గానీ కాపలా ఆ వంశాన్ని వదల్లేదు.

చివరికి దానికీ గండం వచ్చింది.

రుద్రేశ్ ఆ వీధికి కొత్త. అక్కడి పాతకాపులకో అలవాటుంది. తెల్లారగట్ల నడకకు పోతూ, చేతికర్ర వంపుతో పక్కింటి కొమ్మ వంచి పూజకు పూలు కోసుకుంటారు. ఇంటికి మూడేసి కార్లున్నవాళ్ళే, పూలు మాత్రం కొనరు. రుద్రేశ్ గోడమీది సంపెంగ రోజూ బోసిపోతోంది.

“మా అమ్మ పూజకు ఒక్క పువ్వు మిగలట్లేదు. రేపు దొంగను పట్టుకో, లేదా గది ఖాళీ చెయ్యి,” అన్నాడు కెంచయ్యతో.

దొంగెవరో కెంచయ్యకు తెలుసు. ఎదురింటి రిటైర్డు జడ్జి. పట్టుకుంటే వీధంతా కలిసి తరుముతుంది, పట్టుకోకపోతే రుద్రేశ్ తరుముతాడు. సాయంత్రమే భార్య చిక్కతాయి గిన్నెలు మూటగట్టింది.

తెల్లారి జడ్జి కర్ర ఎత్తగానే కెంచయ్య చేతులు జోడించాడు. “ఈ ఒక్కరోజుకి మానండి స్వామీ. నా గది పోతుంది.”

“దేవుడికయ్యా! అడిగి కోస్తే పుణ్యం చెట్టుగలవాడికి పోతుంది, తెలీదూ?”

“ఓహో, జడ్జిగారేనా దొంగ!” రుద్రేశ్ గేటు తెరుచుకుని వచ్చాడు.

జడ్జి మొహం కందింది. తల తిప్పి తన ఇంటివైపు చూశాడు. ఆయన గేటులోంచే ఒక ముసలావిడ పిల్లిలా బయటికొస్తోంది. ఒడి నిండా ముద్దమందారాలు. రుద్రేశ్ తల్లి దేవీరమ్మ!

“అమ్మా!”

“అరవకురా. మన చెట్టు దులిపేస్తే దేవుణ్ణి బోడిగా కూర్చోబెట్టనా?”

“అవి మా మందారాలు!” అన్నాడు జడ్జి.

“ఆ సంపెంగలు మావి స్వామీ. మీ దేవుడూ మా దేవుడూ వాళ్ళలో వాళ్ళు తేల్చుకుంటారు లెండి,” అంది దేవీరమ్మ.

జడ్జి ఫక్కున నవ్వాడు. రుద్రేశ్ లోపలికి తిరిగాడు.

“సార్, మరి గది?” అన్నాడు కెంచయ్య.

“గదికేమైంది? రేపట్నుంచి అమ్మ వెళ్తుంటే వెంట వెళ్ళు. వీధిలో కుక్కలున్నాయి.”

కెంచయ్య ఒక్క పరుగున గదికి పోయాడు. “మూట విప్పవే!”

“దొంగ దొరికాడా?”

“దొరికింది. రేపట్నుంచి ఆమెకే నా కాపలా.”

చిక్కతాయి మూటలోంచి ముందుగా రాగిముద్ద కెలికే కర్ర తీసి పొయ్యి పక్కన పెట్టింది.