ఆకు చెరిగిన మూత

మెటీరియల్స్ ఇంజనీరింగ్‌లో ఎమ్మెస్ పూర్తయిన ఏడాది సెప్టెంబరులో, వర్జీనియాలోని షాంటిలీ దగ్గర ఒక వేలం సంస్థలో జూనియర్ కేటలాగర్‌గా చేరాను. పింగాణీ విభాగం. వస్తువును కొలిచి, లోపాలు రాసి, అది ఏమిటో ప్రతిపాదించడం జూనియర్ పని. ఖరారు చేసే అధికారం విభాగాధిపతి హెలెన్‌ది. నేనిప్పుడు ఆ వృత్తి వదిలేసి, ట్రాయ్‌లో కార్ల విడిభాగాల నాణ్యత పరీక్షిస్తున్నాను. అయినా ఆ పని గురించి ఎవరడిగినా ముందుగా ఒక గిన్నె మూత గురించే చెబుతాను.

ఐరన్‌స్టోన్ అంటే బరువైన, గట్టి తెల్ల పింగాణీ. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో తయారుచేసి ఓడల్లో అమెరికాకు పంపేవారు. కొన్నింటి మీద రాగి రంగులో మెరిసే చిన్న ఆకు వేసేవారు. ఆ మెరుపు పేరు లస్టర్. అది గ్లేజు అనే గాజు పూత పైన పలుచని పొరగా ఉంటుంది, అందుకే అరిగిపోతుంది. ఆ ఆకును చాలా కార్ఖానాలు వేశాయి. ఒక్కో కార్ఖానా అనేక అచ్చుల్లో పాత్రలు పోసింది. ఆ అచ్చు ఆకారాన్నే బాడీ స్టైల్ అంటాం. సేకర్తలు వాటికి పేర్లు పెట్టుకున్నారు: పిడి పేనిన తాడులా ఉంటే కేబుల్, వెదురు గణుపులుంటే బాంబూ, గాలంలా వంగితే ఫిష్ హుక్. గిన్నె అడుగున ఉండే ముద్ర కార్ఖానా పేరు చెబుతుంది గాని అచ్చు పేరు చెప్పదు. మూతలకు ఆ ముద్ర కూడా ఉండదు.

గురువారం మధ్యాహ్నాలు ఎవరైనా వస్తువు తెచ్చి మా చేత చూపించుకోవచ్చు. థాంక్స్‌గివింగ్ దాటిన వారం శ్రీధర్ వచ్చాడు. వాలీబాల్ ఆటలో పరిచయం. వెంట వాళ్లమ్మ సుగుణమ్మ గారు, చేతిలో టవల్ చుట్టిన నలుచదరపు మూత గిన్నె. ఆవిడ రాజమండ్రి నుంచి ఆర్నెల్లు ఉండడానికి వచ్చారు. పక్కింటి మార్గరెట్ తన అమ్మమ్మ నాటి ఆ గిన్నెలో పండగకు చిలగడదుంపల వంటకం పంపిందట. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు కాబట్టి సుగుణమ్మ గారు పులిహోర కలిపారు. తీరా పెట్టబోతే మూత మీది రాగి ఆకు మాసినట్టు కనిపించింది. రాగికి చేసే పనే చేశారు. చింతపండు, ఉప్పు వేసి గట్టిగా తోమారు.

“మెరిపించి ఇద్దామనుకున్నాను బాబూ. తుడిచిపెట్టేశాను,” అన్నారు.

అప్పటి నుంచి ఆవిడ పొద్దుటి నడక మానేశారని శ్రీధర్ చెప్పాడు. రోజూ కలిసి నడిచే మనిషి మార్గరెట్టే. ఆ వీధిలో సుగుణమ్మ గారికి ఉన్న ఒకే ఒక్క స్నేహం అది. ఆకు ఉన్న మరో మూత దొరికితే ఎవరికీ ఏమీ తెలియకుండా సరిపోతుందని అతని ఆలోచన.

మా గోదాములో జత లేని మూతల అర ఒకటి ఉండేది. అందులో ఆకు చెక్కుచెదరని మూత దొరికింది. గిన్నె మీద పెడితే కూర్చుంది.

“లీఫ్ సేమ్, సైజ్ సేమ్. ప్యాక్ చేసెయ్ బ్రో,” అన్నాడు శ్రీధర్. ఇంట్లో వాడుకోవడానికైతే చాలునని హెలెన్ కూడా అంది.

నేను నా పరీక్ష పూర్తి చేశాను. వేలితో నొక్కితే ఒక మూల ఊగింది. గిన్నె పిడులకు వెదురు గణుపులున్నాయి. కొత్త మూత పైన పట్టుకునే పిడి నున్నగా, గాలంలా ఉంది. తోమేసిన మూత పిడికి మాత్రం గిన్నెకున్న గణుపులే ఉన్నాయి, అది ఏ మూలా కదలలేదు. గిన్నె బాంబూ, అరలోని మూత ఫిష్ హుక్. ఇలా వేరే అచ్చు మూత పెట్టడాన్ని మా వృత్తిలో పెళ్లి అంటారు. కేటలాగులో ఆ సంగతి తప్పనిసరిగా రాయాలి.

అది విని సుగుణమ్మ గారు మొదటిసారి నవ్వారు. “అయితే ఈ గిన్నెకి నేను రెండో పెళ్లి చేయబోయానన్నమాట.”

ఇంకో విషయం చెప్పాను. ఇవే అచ్చుల్లో ఆకు లేకుండా, ఉత్త తెల్లగా కూడా పాత్రలు అమ్మేవారు. కాబట్టి తోమేసిన మూత తన అలంకారం పోగొట్టుకుంది గాని, ఈ గిన్నెకు సరైన మూత అదే.

“అంటే వెళ్లి అమ్మే పాడు చేసిందని చెప్పమంటావా?” అన్నాడు శ్రీధర్.

జవాబు సుగుణమ్మ గారే ఇచ్చారు. “వాళ్ల అమ్మమ్మ మూత మన దగ్గర అట్టేపెట్టుకుని, ఇంకెవరిదో ఆవిడ చేతిలో పెడతామా? పద, ఉన్నది ఉన్నట్టు చెప్దాం.”

బాడీ స్టైల్ బాంబూ, మూత కూడా గిన్నె అచ్చుదే, దాని మీది లస్టర్ ఇటీవల పోయింది అని ఒక వివరణ రాసిచ్చాను. హెలెన్ రెండు మూతలనూ తిప్పి చూసి, ఒక్క మాటా మార్చకుండా సంతకం చేసింది. నా ప్రతిపాదన దిద్దుబాటు లేకుండా బయటికి వెళ్లడం అదే మొదలు.

ఆ పై వారం మార్గరెట్ మా ఆఫీసుకు ఫోన్ చేసింది. ఆకు పోయినందుకు బాధపడ్డానని దాచకుండా చెప్పింది. కానీ ఆ వివరణలో అచ్చు పేరు ఆవిడకు కొత్త. అమ్మమ్మ సెట్టు నింపాలని ఏళ్లుగా ఆకు చూసి పాత్రలు కొంటూనే ఉంది, అవి ఒకదాంట్లో ఒకటి ఎప్పుడూ సరిగా ఇమడలేదు. ఇంటికొచ్చి విడదీసి పెట్టగలరా అని అడిగింది. ఇళ్లకు సీనియర్లే వెళ్లడం మా రివాజు. హెలెన్ నన్ను పంపింది.

వెళ్లేసరికి సుగుణమ్మ గారు అక్కడే ఉన్నారు. ఇద్దరూ నడక ముగించుకుని వచ్చినట్టున్నారు, గుమ్మం దగ్గర తడిసిన బూట్లు రెండు జతలున్నాయి. ఇకమీదట సబ్బు చాలని మార్గరెట్ ఆవిడతో అంటే, ఆవిడ తలూపి నాకు పాత్రలు ఒక్కొక్కటే అందించారు. ఆకులు కనబడకుండా అన్నిటినీ బోర్లించి, టేబుల్ మీద మూడు గుంపులు చేశాను. అమ్మమ్మవన్నీ ఒకే గుంపులోకి వచ్చాయి. నేను కాగితం మీద పేర్లు రాస్తుంటే మార్గరెట్ ఆ గుంపులోని పాత్రలను ఒకదాంట్లో ఒకటి పేర్చింది. అన్నీ ఇమిడాయి.

ఆ తరువాత వస్తువు వివరాలు నింపే మా నమూనా పత్రంలో బాడీ స్టైల్ వరసను అలంకారం వరస పైకి జరపమని ప్రతిపాదించాను. హెలెన్ ఒప్పుకుంది. నేను ఉద్యోగం మానే రోజుకు కూడా ఆ వరస పైనే ఉంది. కొత్తగా చేరిన జూనియర్లకు నేనే నేర్పించేవాణ్ణి: ముందు ఆకును చేత్తో కప్పండి. పిడి చూడండి, మూత పిడి చూడండి, అడుగు, మూలలు చూడండి. చెయ్యి తీయడం ఆఖరున.