కల్వర్టు గోడ పక్కన

రోడ్డు వెడల్పు పనుల దగ్గర బండ్లను ఆపే ఆమెను అందరూ జెండా అక్క అంటారు. కొంగును తలకు బిగించి, దానిపైన పసుపు టోపీ పెట్టుకుంటుంది. ఎర్రజెండా ఎత్తినప్పుడు డ్రైవర్ల ముఖాలు చూడదు, చక్రాలనే చూస్తుంది. అవి పూర్తిగా ఆగితేగాని ఊపిరి వదలదు. సూపర్‌వైజర్ ఎక్కడ నిలబెట్టినా కాసేపటికి కల్వర్టు గోడ పక్కకే చేరుతుంది. ఈ ఇరుకు మలుపులో లారీ తగిలి ఆమె భర్త ప్రాణం పోయింది ఆ గోడ పక్కనే.

ఇవాళ ఆ గోడ పడగొట్టి, అక్కడంతా కంకర పరిచారు. రోడ్డురోలర్ వస్తుంటే ఆమె ఎదురెళ్లి, "అన్నా, ఇక్కడ కాస్త మెల్లగా పోనీ" అంది. "ఇంతకన్నా మెల్లగా అంటే దిగి నెట్టుకెళ్లాలి చెల్లెమ్మా!" అని రోలర్ డ్రైవర్ నవ్వాడు. "మలుపు పోతోందిగా, ఇక ఇక్కడ ఎవరికీ ఏం కాదులే." "అదే కావాలన్నా" అంటూ ఆమె తప్పుకుంది. రోలర్ వెళ్లాక కంకర అంతా ఒక్కలాగే చదునైంది. ఆమె ఒకచోట నిలబడింది. గోడ ఉన్నది ఇక్కడ కాదనిపించి పక్కకు జరిగింది, మళ్లీ వెనక్కి వచ్చింది. ఆగిన బండ్లు హారన్లు మోగిస్తున్నాయి. "ఏమ్మా, నిద్రపోయావా?" అని ఎవరో అరిచారు. ఆమె నేలవైపే చూస్తూ ఇంకో అడుగు జరిగింది.