వద్దంటే ఇంకో గరిటె

దాల్చా వాసన తగిలితే చాలు, ఇప్పటికీ నా నోట్లో ఇంగ్లీషు ఊరుతుంది. మొన్న ఆదోనిలో ఒక నిఖా భోజనంలో ఆ మాంసం పప్పు వడ్డిస్తుంటే పక్కావిడతో ఆ మాటే అంటే, ఆమె నన్ను ఎగాదిగా చూసింది. పాపం, ఆమెకు మా మెహరున్నీసా టీచరమ్మ తెలియదు కదా!

డెబ్బైల చివర్లో టీచరమ్మది మా పక్కిల్లు. నేను డిగ్రీ ముగించి, ఆదోనిలోనే ఒక జిన్నింగు మిల్లు ఆఫీసులో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నాను. బొంబాయి పత్తి వ్యాపారులతో ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడాలి. రాయమంటే పేజీలు నింపేదాన్ని. మాట్లాడమంటే నాలుక అంగిలికి అతుక్కుపోయేది. ఈ ఉద్యోగం రాకపోతే ఇక ఇంట్లో కూర్చోవాల్సిందేనని నాన్న తేల్చేశాడు.

ఇంటర్వ్యూ ముందురోజు ఏడుపు మొహంతో టీచరమ్మ దగ్గరికి పోయాను. ఆమె ఓదార్చలేదు. తన చెల్లెలి కూతురి పెళ్లికని నన్ను ఎమ్మిగనూరు బస్సెక్కించింది. అక్కడ ఆడవాళ్ల పంక్తిలో నా చేతికి దాల్చా బకెట్టు ఇచ్చి, ఈ పిల్ల ఇంగ్లీషులో అడుగుతుంది, మీరూ వచ్చినంత ఇంగ్లీషులో జవాబివ్వండని అందరికీ చెప్పేసింది. నాకు ప్రాణం పోయినంత పనైంది.

"ఊరికే మాట్లాడల్లంటే సిగ్గు గానీ, అన్నం పెట్టేకి సిగ్గేమి మే?" అంది.

మొదట కూర్చున్నది టీచరమ్మ వాళ్ల పెద్దమ్మ, పండుముసలి. "సమ్ మోర్?" అని గొణిగాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టి "నో" అంది. హమ్మయ్య అనుకుని ముందుకు జరగబోతే, టీచరమ్మ నా కొంగు పట్టి ఆపింది.

"ఒగసారి వద్దంటేనే పోతావా? మొదట వద్దనేది మర్యాదకు. మల్లా అడుగు."

"ఓన్లీ లిటిల్. ప్లీజ్" అన్నాను. పెద్దమ్మ బోసినోటితో నవ్వి చెయ్యి తీసేసింది. ఇక చూడాలి నా సంబరం! పంక్తి పంక్తంతా "నో" అనడం, నేను బతిమాలడం. కడుపు నిండినవాళ్లు కూడా ఆట కోసం ఇంకో గరిటె వేయించుకున్నారు. దాల్చా తొణికి ఒకరి చీర మీద పడితే "సారీ" దానంతటదే వచ్చింది. తప్పులంటారా, కుప్పలు. ఎవరికి పట్టింది?

మర్నాడు మిల్లు మేనేజరు నా కాగితాలు తిరగేసి, అనుభవం లేదు, "నో" అన్నాడు. లేచి వచ్చేయాల్సింది. కానీ నాకు అడ్డం పెట్టిన పెద్దమ్మ చెయ్యి గుర్తొచ్చింది. "ఓన్లీ లిటిల్, సర్. వన్ మంత్. ప్లీజ్" అన్నాను. ఆయన నవ్వు ఆపుకోలేక సరేనన్నాడు. ఆ ఒక్క నెల నేను రిటైరయ్యేదాకా సాగింది.

టీచరమ్మ ఇప్పుడు లేదు. మొన్నటి నిఖాలో పక్కావిడ దాల్చా వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. వడ్డించే పిల్ల బకెట్టు ఎత్తుకుని ముందుకు పోబోయింది. నేనే దాని చున్నీ పట్టుకుని ఆపాను.

"మల్లా అడుగు మే" అన్నాను.