చిట్టిని అడక్కుండా ఏదీ చేసేది కాదు

మా అత్త పోయింది. మిరపకాయల కల్లం నుంచి వచ్చి, మంచినీళ్ళు తాగి, అరుగు మీద ఒరిగిన మనిషి మళ్ళీ లేవలేదు. పెద్దకర్మ ముగిసి చుట్టాలు కదిలారో లేదో, చిట్టి ఆపరేషన్ మాట మళ్ళీ ఇంట్లోకి వచ్చింది. అత్తను తలుచుకుని కరువుతీరా ఏడవడానికి కూడా నాకు తీరిక లేకపోయింది.

చిట్టి మా ఆడబిడ్డ. పెళ్ళీడు దాటిన పిల్ల, బుద్ధి మాత్రం చిన్నతనంలోనే ఆగిపోయింది. మాటలు రావు. నెలనెలా బట్టలు ఖరాబు చేసుకుంటుంది, వాటితోనే వీధిలోకి వెళ్ళిపోతుంది. గర్భసంచి తీయించేస్తే పీడా పోతుందని ఊళ్ళో అందరూ చెప్పేవాళ్ళే. మా గురజాల వైపు ఆడవాళ్ళకి అది పన్ను పీకించుకున్నంత మామూలు. మా అత్తకీ చిన్న వయసులోనే తీశారు. అప్పట్నుంచీ నడుం నాది కాదే అనేది.

చిట్టిని అడక్కుండా ఆమె ఏదీ చేసేది కాదు. "జడ వెయ్యనా?" అని చెయ్యి చాపి కూర్చునేది. ఇష్టమైతే చిట్టి ఆ అరచేతిలో తన చెయ్యి పెడుతుంది. లేకపోతే చేతులు రెండూ చంకల్లో దాచుకుంటుంది. పొయ్యి మీద కూర మాడుతున్నా సరే, మా అత్త అలా చెయ్యి చాపుకునే ఉండేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

"ఏంది అత్తా ఈ చాదస్తం?"

"దాని ఒళ్ళు దానిది కదే అమ్మాయ్" అనేది.

కిందటేడు మా ఆయన పోరగా పోరగా చిట్టిని నరసరావుపేట ఆసుపత్రికి తీసుకెళ్ళాం. దానికి పచ్చ గౌను తొడిగారు. డాక్టరమ్మ సంతకానికి కాగితం ఇచ్చింది. మా అత్త కాగితం పక్కన పెట్టి, చీర కాస్త జరిపి, చిట్టి వేళ్ళను తన పొత్తికడుపు మీది కోత మచ్చకు ఆనించింది.

"ఇక్కడ కోస్తారే. నొప్పుద్ది, చానా నొప్పుద్ది. తర్వాత నెలనెలా రాదు. చేయించుకుంటావా?" అని చెయ్యి చాపింది.

"ఆమెకేం తెలుస్తుందమ్మా?" అంది డాక్టరమ్మ.

"తెలవకపోతే మాత్రం అడగొద్దా తల్లీ?"

చిట్టి ఆ మచ్చను తడిమి తడిమి చూసి, చేతులు చంకల్లో పెట్టేసుకుంది. అర్థమయ్యే పెట్టుకుందో, మచ్చకు జడుసుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. మా అత్త మాత్రం గౌను విప్పించి, దాని బట్టలు దానికి తొడిగింది.

వరండాలో మా ఆయన అరిచాడు. "రేపెవడన్నా దీని మీద చెయ్యేస్తే ఏం చేస్తావమ్మా?"

"సంచి తీయిస్తే చెయ్యేసేవాడు ఆగుతాడంట్రా? కడుపు రాదు, అంతేగా. దానికి నోరు లేదు. జరిగింది మనకి తెలవకుండానే పోద్ది."

"మరి నువ్వు పోతే దీన్నెవరు చూస్తారు?"

ఆమె నా వైపు చూసింది. నేను చిట్టి చెప్పులు వెతుకుతున్నట్టు వంగాను. ఆ తర్వాత నెలనెలా ఆ నాలుగు రోజులూ కూలి మానుకుని, దాన్ని తనే కనిపెట్టుకుని ఉండేది.

మొన్న గుమ్మం ముందు ఆటో వచ్చి ఆగింది. "ఇక అడ్డెవరూ లేరు, దాన్ని బయల్దేరదీయ్" అన్నాడు మా ఆయన.

నేను చిట్టి ఎదురుగా కూర్చున్నాను. నా కడుపు మీదా కాన్పు కోత ఉంది. దాని మీద చిట్టి వేళ్ళు పెట్టి, మా అత్త చెప్పినట్టే చెప్పి, చెయ్యి చాపాను. బయట ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. చిట్టి నన్ను చూడలేదు. వాళ్ళమ్మ మంచం వైపే చూసింది. చేతులు మెల్లగా చంకల్లోకి పోయాయి.

"ఆటో పంపించెయ్యి" అన్నాను.

"రేపట్నుంచి ఎవరు చూస్తారే?"

"నేను చూస్తా."

మా ఆయన చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు. భయం నాకూ ఉంది. నేను చేసింది పొరపాటే అయితే అనుభవించేది నేను కాదు, చిట్టి. ఇంత భయాన్ని మా అత్త అన్నాళ్ళూ ఒక్కతే ఎలా మోసిందో, ఒక్కసారైనా అడగాల్సింది.

చిట్టి ఇవాళ కూడా ఆ మంచం వైపే చూస్తోంది. జుట్టంతా చిక్కుపడి ఉంది. దువ్వెన తెచ్చుకుని "జడ వెయ్యనా?" అని చెయ్యి చాపాను. పొయ్యి మీద పప్పు అడుగంటుతున్న వాసన వస్తోంది. నేను లేవలేదు.