ధింసా వరుసలో మా అత్త

మా మేనత్త పోయిందన్న కబురు పిల్లలు బడికి చేరకముందే వచ్చింది. మా ఊరి నుంచి సంతకు బయలుదేరిన మనిషి భుజం మీది కావిడి దించకుండానే గుమ్మం బయట నిలబడి చెప్పాడు. "పంతులమ్మా, మీ అత్త పోనాది. రాత్రి పడుకున్న మనిషి తెల్లారి లెగనేదు. ఎల్తే బేగి ఎల్లు." అంతే చెప్పి కావిడి భుజం మార్చుకుని వెళ్ళిపోయాడు. వచ్చిన పిల్లల్ని వచ్చినట్టే వెనక్కి పంపించి, తలుపుకు గొళ్ళెం పెట్టి, డుంబ్రిగుడ దారి పట్టాను.

ఆమెను మెత్తని మనిషి అని రాస్తే లేచి వచ్చి నన్ను తిడుతుంది. మొగుడు జ్వరంతో పోయాక పుట్టింటికి వచ్చి, మా ఇంట్లోనే ఉండిపోయింది. నన్ను ఎత్తుకున్నది ఆమే, కొట్టింది ఆమే, మా వంశంలో అక్షరం ఎరుగని వాళ్ళందరినీ కాదని బడికి పంపిందీ ఆమే. ముద్దుతో పంపలేదు. "దీని సేతికి కొడవలిస్తే గడ్డికీ వలిసె మొక్కకీ తేడా తెలీదు. కాయితం మీద పెట్టండి. అక్కడేటి కోసినా పంటకి నష్టం నేదు" అంది మా నాన్నతో. ఆ మాటకు పోడులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేను ఏడ్చాను. ఈనాడు ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నది ఆ వెక్కిరింత వల్లనే.

చదువుతున్న మీలో మా కొండలు ఎక్కినవారు తక్కువగా ఉంటారు కాబట్టి ధింసా గురించి కొంచెం చెప్పాలి. అది ఆడవాళ్ళ ఆట. ఒకరి వీపు వెనుక నుంచి ఇంకొకరు చేతులు పెనవేసుకుని గొలుసులాగా వరుస కడతారు. తుడుం మోగుతుంటే ఆ వరుస పాములాగా మెలికలు తిరుగుతుంది. చెయ్యి వెనక్కి తిరగని మనిషికి అందులో చోటు లేదు. మా ఊళ్ళో ఆ వరుసకు తల మా అత్త.

ఒక ఏడు, కొండవాలు అంతా నూనెగింజల వలిసె పూలతో పసుపుపచ్చగా ఉన్న రోజుల్లో, ఆమె ఎడమ భుజంలో నొప్పి మొదలైంది. దెబ్బ తగల్లేదు, పడలేదు. మొదట ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోయింది. తరువాత నొప్పి ఉండగానే భుజం బిగుసుకోవడం మొదలుపెట్టింది. కొప్పు ముడవడానికి చెయ్యి తలదాకా లేచేది కాదు. చీర ముడి భుజం మీద వేసుకోలేకపోయింది. నన్ను చాటుకు పిలిచి ముడి వేయించుకుని, "ఎవులికైనా సెప్పావో, నాలిక కోసి పప్పులో యేస్తాను" అనేది.

ఆ భయం ఊరికే కాదు. మా వాళ్ళలో ఒక నమ్మకం ఉంది. ఎవరైనా చిల్లంగి పెడితే, అంటే చేతబడి చేస్తే, అది తిరిగి వచ్చి పెట్టిన చేతినే పట్టి బిగిస్తుందని. ఆ చలికాలంలోనే ఎదురింటామె కొడుకు జ్వరంతో పోయాడు. నడక నేర్చి ఎంతో కాలం కాలేదు. ఒక పొద్దున్న నేను అత్తకు చీర ముడి వేస్తుంటే ఎదురింటామె చూసింది. చేతిలో కుండ వదిలేసి వీధిలోకి పరిగెత్తింది.

"సూడండి! సెయ్యి సూడండి! నా గుంటణ్ణి తిన్న సెయ్యి!"

పెద్దలు కూర్చున్నారు. పండుగలకు రోజులు చెప్పే దిసారి, చైత్ర పండుగకు ఫలానా రోజు మంచిది అన్నంత మామూలుగా తీర్పు చెప్పాడు. "పండగనాడు అందరితో పాటు వరసలో నిలబడు. సెయ్యి తిరిగితే ఊళ్ళో ఉండు. తిరక్కపోతే పొద్దు గుంకేలోపు కొండ దిగిపో." కొండ దిగిన ఒంటరి ఆడదాన్ని దారిలో ఇంకే ఊరూ రానివ్వదు. చిల్లంగి మనిషన్న పేరు ఆమె కంటే ముందే చేరుతుంది.

మా నాన్న డుంబ్రిగుడ సంతలో ఎముకలు సరిచేసే ముసలాణ్ణి పట్టుకొచ్చాడు. వాడు పశువులకూ మనుషులకూ ఒకే చేత్తో వైద్యం చేసేవాడు. మూడు పూటలా తాగేవాడు, గొప్పలు చెప్పుకునేవాడు. అత్తను కూర్చోబెట్టి, ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఆమెను కదపవద్దని తానే తిప్పి చూశాడు.

"ఇరిగిందీ కాదు, జారిందీ కాదు. నొప్పికి నువ్వు ఎత్తకపోతే, నేనెత్తితే లెగాల. ఇది నా సేతిలోనూ లెగనేదు. కీలు సుట్టూ ఉన్న సంచీ బిగుసుకుపోనాది, తడిసి ఎండిన తోల్లాగ."

"మందేటి?" అంది అత్త.

"ఏడి కాపడం. వలిసె నూనె. ముందుకొంగి నీళ్ళ సొరబుర్ర పట్టుకుని ఊపు. తలుపు గుంజ మీద ఏళ్ళతో పైకి పాకించు, సీమ పాకినట్టు. ఓ ఏడాది, రెండేళ్ళు. దానికదే వదుల్తాది."

"పండగ ఏడాది ఆగుతాదేటిరా, ముసిలి నక్కా?"

ఆమె చెప్పినవన్నీ చేసింది. ఉప్పు వేయించి మూటకట్టి కాపడం పెట్టుకునేది. వంగి సొరబుర్ర ఊపేది. గుంజ మీద వేళ్ళు పాకిస్తూ, నొప్పి వచ్చిన చోట బొగ్గుతో గీత పెట్టి, మర్నాడు ఆ గీత దాటాలని పళ్ళు కొరికేది. "ముసిలి తలుపు కిర్రుమంటాది గానీ తెరుసుకుంటాది" అనేది. గీతలు పైకి పోతూనే ఉన్నాయి, కానీ మరీ నెమ్మదిగా. చెయ్యి వీపు వెనక్కి మాత్రం బెత్తెడు కూడా పోలేదు. ఇప్పచెట్ల ఆకు రాలే రోజులకు ఆమె ముసలాణ్ణి మళ్ళీ పిలిపించింది.

"లాగీ."

"లాగితే లోపల సిరుగుతాది."

"సిరిగితే నాదే గదా సిరుగుతాది. నీకేటి బాధ?"

జీలుగు కల్లు కడుపు నిండా తాగించారు. నోట్లో గుడ్డ కుక్కారు. మా అమ్మ కాళ్ళ మీద కూర్చుంది. ముసలాడు తన మోకాలు ఆమె పక్కటెముకలకు ఆనించి చేతిని పైకి, వెనక్కి లాగాడు. తడి గుడ్డ చించినట్టు చప్పుడైంది. గుడ్డ దాటి వచ్చిన ఆ అరుపు విని పెరట్లో కోళ్ళు లేచి ఎగిరాయి. వాడు చెమట తుడుచుకుని నవ్వాడు. "ఎద్దులే నయం. ఇంత అరవవు."

పండుగనాడు అత్త తల దువ్వించుకుని, పువ్వు పెట్టించుకుని వరుసలో నిలబడింది. ఆమె ఎడమ పక్కన నిలబడటానికి ఎవరూ ముందుకు రాలేదు. ఎదురింటామె తానే వచ్చి నిలబడింది. అత్త చెయ్యి తన వీపు వెనక్కి తెచ్చి, మణికట్టు దగ్గర పట్టుకుని, తుడుం మోగినంతసేపూ మెలి పెడుతూనే ఉంది. అత్త అరవలేదు. పాట ఎత్తుకుంది. ఎప్పటికంటే గట్టిగా పాడింది. పాట మధ్యలో ఊపిరి తీసుకున్నప్పుడు పెదవి మీద నెత్తురు కనిపించింది. వరుస చుట్టు తిరిగి వచ్చాక దిసారి తల ఊపి, "ఉండనీ" అన్నాడు. ఇంటి వెనక్కి వచ్చి ఆమె వాంతి చేసుకుంది. భుజం వాచింది. ఆ లాగుడు మిగిల్చిన నొప్పి మళ్ళీ వర్షాలు వచ్చేదాకా తగ్గలేదు. తిరిగి సొరబుర్ర, తిరిగి గుంజ.

ఆమె నెగ్గింది గానీ ఆమెతో పాటు ఆ పరీక్ష మీది నమ్మకమూ నెగ్గింది. అంతవరకు సగం నమ్మినవాళ్ళు పూర్తిగా నమ్మారు. "తప్పు నేని సెయ్యి పండగనాటికి దానికదే తిరుగుతాది. ఆమెది తిరగనేదా?" అని పిల్లలకు చెప్పడం మొదలుపెట్టారు. ఆ మాట విన్నప్పుడల్లా అత్త ఉమ్మేసేది.

తరువాత కొన్నేళ్ళకు ఎదురింటామె కుడి భుజం బిగుసుకుంది.

ఆమె ఎవరికీ చెప్పలేదు. కానీ అత్తకు కనబడకుండా ఎలా ఉంటుంది? ఎడమ చేత్తో చెంబు ఎత్తడం, కొప్పు మానేసి జుట్టు వదిలేయడం. ఒక పొద్దున్న సొరబుర్రా నూనె గిన్నే పట్టుకుని ఎదురింటి పెరట్లోకి వెళ్ళింది. నేను వెనకే ఉన్నాను.

"పగ తీర్సుకోడానికొచ్చావా?" అంది ఆమె.

"తీర్సుకుంటాను. కూకో."

ఆ పెరట్లో రోజూ వినపడిన తిట్లు నేను ఇక్కడ రాయలేను. ఆమె ఏడిస్తే అత్త, "నా సెయ్యి మెలిపెట్టినప్పుడు బాగుందా? ఎత్తు, ఇంకొంచెం ఎత్తు" అనేది. ఆమె తానుగా, "ముసలోణ్ణి పిలు, లాగించు" అని బతిమాలినప్పుడు మాత్రం ఒప్పుకోలేదు. "నాకు సిరిగింది సాలు."

పండుగ వచ్చేసింది, వరుసలో నిలబడకపోతే ఊరంతా అనుమానిస్తుంది. చెయ్యి వెనక్కి తిరగలేదు. అత్త వరుస తల వదిలేసి ఆమె కుడి పక్కన నిలబడింది. ఆమె ముంజేతిని తన పైగుడ్డ కింద దోపి, మొలకు బిగించి పట్టుకుంది. వెనక నుంచి చూసేవాళ్ళకు చేతులు పెనవేసుకున్నట్టే ఉంది. దగ్గరగా నిలబడ్డ నాకు మాత్రం అత్త గుసగుస వినపడింది. "ఏడవకు, ముండా. ఏడిస్తే దిసారి సూస్తాడు. పాడు. నోరు బిగిసిపోనాదేటి, పాడు!" దిసారి ఏమీ పసిగట్టలేదు.

నేను కొండ కింద మైదాన ప్రాంతంలో చదువుకునేటప్పుడు ఆసుపత్రిలో కట్లు కట్టే డ్రెస్సరుగారిని ఈ జబ్బు గురించి అడిగాను. నడివయసులో ఏ కారణం లేకుండానే వస్తుందనీ, ఒకటి రెండేళ్ళకు చాలామందిలో మెల్లగా వదులుతుందనీ చెప్పారు. సెలవులకు వచ్చి అత్తకు ఆ మాట గొప్పగా చెప్పాను.

"వచ్చి పోతాదని నాకూ తెలుసు. పోయేదాకా ఊళ్ళో ఉండనివ్వాల గదే" అంది.

ఎదురింటామె చెయ్యి వదులైంది. కానీ ఆమె ఒక్కనాడూ అత్తతో మంచి మాట మాట్లాడలేదు. అత్త వీధిలో నడిస్తే తలుపు వేసేది. నాకు మండిపోయేది. అత్త, "బిడ్డ పోనాడు. ఎవుల్నో ఒకల్ని తిట్టాల. నన్ను తిట్టనీ" అనేది.

నేను ఊరు చేరేసరికి ఎండ ఎక్కింది. అత్తను అరుగు మీద చాప వేసి పడుకోబెట్టారు. రెండు చేతులూ గుండెల మీద ముడుచుకుని ఉన్నాయి. స్నానం చేయించడానికి మా అమ్మ ఆమె ఎడమ చెయ్యి ఎత్తబోయింది. అది లేవలేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఒక్కసారిగా వెనక్కి జరిగారు.

"సూసారా? సచ్చినాక బయటపడినాది" అంది ఒకతె.

"ఇన్నాళ్ళూ కప్పిపెట్టింది" అంది ఇంకొకతె. చావిడి దగ్గర కూర్చున్న దిసారి మెడ సాచి చూశాడు. చిల్లంగి మనిషిని మా వాళ్ళు కడగరు, ఊరి వల్లకాట్లో పూడ్చనివ్వరు. మా అమ్మ ఆ చెయ్యి పట్టుకుని అలాగే ఉండిపోయింది.

ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఆమె ఆడవాళ్ళను మోచేత్తో తోసుకుంటూ వచ్చి చాప పక్కన కూలబడింది. అత్త కుడి చెయ్యి పట్టుకుని ఎత్తబోయింది. అది కూడా లేవలేదు. కాలు ఎత్తబోయింది. మోకాలు వంగలేదు. అప్పుడు వెనక్కి తిరిగి దిసారి వైపే చూసింది.

"ఈ సెయ్యీ లెగదు. కాలూ వంగదు. నా గుంటడు పోనప్పుడు వాడి సెయ్యీ ఇలాగే ఉంది. నానే కడిగాను. వాడూ సిల్లంగోడేటి? సెప్పు."

దిసారి సాచిన మెడ వెనక్కి తీసుకున్నాడు. ఆమె మా అమ్మను వేడినీళ్ళు తెమ్మంది. తడిగుడ్డ అత్త భుజం మీద వేసి, రెండు చేతులతో నెమ్మదిగా రుద్దడం మొదలుపెట్టింది. ఎండ అరుగు మీదికి పాకింది, ఆమె రుద్దుతూనే ఉంది. చివరికి ఆ చెయ్యి కొంచెం వదులై గుండెల మీది నుంచి పక్కకు జరిగింది. ఆమె దాన్ని తన ఒళ్ళో పెట్టుకుని, చంకలోకి చెంబుతో నీళ్ళు పోసింది.