కింది ఇల్లు మాకే కావాలి

ఒక మనిషి నెత్తిన జుట్టు లేకపోవడం వల్ల ఇంకో మనిషి పరువు ఎంత దూరం దొర్లిపోగలదో తెలియాలంటే నా కథ వినాలి. గుండు ఆయనది, పరువు నాది. అది దొర్లిన చోటు తిరుచానూరు రోడ్డు పక్కన మా పాత అపార్టుమెంటు. మూడో అంతస్తులో మొదలై గేటు బయట ఆగింది.

ముందు ఆ బిల్డింగు చరిత్ర చెప్పాలి. నాకు తెలిసినంత దాన్ని కట్టిన మేస్త్రీకి కూడా తెలియదు. అతను కట్టి వెళ్ళిపోయాడు, నేను భరిస్తూ ఉండిపోయాను. చుట్టూ వరిమళ్ళు ఉన్న రోజుల్లో లేపారట. లిఫ్టు కోసమని వదిలిన గుంతలోకి లిఫ్టు రాలేదు గానీ అందరి విరిగిన మంచాలూ వచ్చాయి. మొదటి అంతస్తులో ఒక నాదస్వరం ఆయన ఉండేవాడు. కోడి కంటే ముందే సాధన మొదలుపెట్టేవాడు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో రోజూ పొద్దున్నే నాకు మళ్ళీ పెళ్ళి జరుగుతున్నట్టు ఉండేది. ఆయన వెళ్ళాక కోచింగు పిల్లలు దిగారు. మెట్ల రెయిలింగును జారుడుబండ చేశారు. అది ఇప్పటికీ ఊగుతుంది. ఎవరు ఏ గోడకు మేకు కొట్టారో, ఎవరి బకెట్టు ఎవరింట్లో ఆగిపోయిందో, అన్నీ నాకు గుర్తు. మా ఆయన దీన్ని జబ్బు అంటాడు. నేను జ్ఞాపకశక్తి అంటాను.

అసలు కష్టం అద్దెకున్న వాళ్ళతో కాదు, వాళ్ళ చుట్టాలతో. తిరుపతిలో కాపురం పెట్టారంటే మీ ఇల్లు సత్రమని ఊరూరా తెలిసిపోతుంది. చుట్టాలు వస్తారు, చుట్టాలకు తెలిసినవాళ్ళు వస్తారు, వాళ్ళ వెనక బస్సులో పక్క సీట్లో కూర్చున్నవాళ్ళు కూడా వస్తారు. ఈ విషయంలో మా కింద రెండో అంతస్తులో ఉండే సరోజను మించినవాళ్ళు లేరు. కొండ దిగిన ఆమె చుట్టాలంతా గుండ్లకు గంధం పూసుకుని వరండాలో వరసగా కూర్చుంటే బూడిదగుమ్మడికాయల సంత పెట్టినట్టు ఉంటుంది. వాళ్ళు స్నానాలు చేసేసరికి నీళ్ళు రెండో అంతస్తులోనే అయిపోతాయి. మా కుళాయిలోంచి గాలి వస్తుంది.

ఇన్ని భరించినదాన్ని ఇంకొన్ని భరించేదాన్నే. కానీ మా అత్త మోకాళ్ళు భరించలేదు. ఆమె ఎప్పుడో మూడో అంతస్తు ఎక్కింది, మళ్ళీ దిగలేదు. సాయంత్రం పూలమ్మ కేక వినపడితే బాల్కనీలోంచి తాడు కట్టిన బుట్ట దింపుతుంది. అడిగేది కనకాంబరాలు, పైకొచ్చేది పూలమ్మ వదిలించుకోవాలనుకున్న వాడిపోయిన చామంతులు. గేటు దగ్గర కూర్చుని, పూలను చేత్తో పట్టి చూసి, పూలమ్మతో ఎదురెదురుగా పోట్లాడి కొనుక్కోవాలి. ఆమె కోరికల్లో మిగిలింది అదొక్కటే.

సరిగ్గా అప్పుడే గేటు పక్కనున్న కింది ఇల్లు ఖాళీ అయింది. నేను వెంటనే ఓనరు మునిరత్నం గారికి ఫోను చేశాను. నాకంటే ముందే సరోజ చేసిందట. ఆయన ఉండేది చిత్తూరులో. నేను ఆయన్ని చూసింది ఒకే ఒక్కసారి. నల్లరంగు వేసిన గుబురు జుట్టు, దానికి జోడుగా మీసం. అవి తప్ప మనిషి గుర్తులేడు. "ఆదివారం కొండకు వస్తా ఉండాను మా. దిగినాక వచ్చి, చూసి చెప్తా," అన్నాడు.

ఆదివారం పొద్దున్నే లేచి అలసంద వడలకు రుబ్బాను. ఓనరు గారిని స్కూటరు మీద తీసుకురమ్మని మా ఆయన్ని అలిపిరికి తరిమాను. "గుబురు జుట్టు, గుబురు మీసం. మర్చిపోవద్దు," అని రెండుసార్లు చెప్పించుకున్నాను. అంతలో బిల్డింగు మోటారు కాలిపోయింది. ఓనరు వచ్చే రోజున మా ఇంట్లో చెంబుడు నీళ్ళు లేవు. కింద సంపు దగ్గర ఒక బకెట్టు తోడిపెట్టి, ఇంకోదాని కోసం పైకి వెళ్ళి వచ్చేసరికి, అక్కడ ఒక బక్కపలచని పెద్దాయన గంధం పూసిన గుండుతో, భుజాన లడ్డు సంచితో, నేను తోడిపెట్టుకున్న బకెట్టులోంచే కాళ్ళ మీద నీళ్ళు పోసుకుంటున్నాడు. మదనపల్లె నుంచి సరోజ బావ వస్తున్నాడని ముందు రోజే విన్నాను. ఇంకేముంది, దొరికాడనుకున్నాను.

"ఏం పెద్దాయనా, తాగేదానికి నీళ్ళు లేకుండా మేముంటే నీకు పాదపూజ కావాల్సొచ్చిందా?"

"నడిచి దిగినాను మా. కాళ్ళు మండతా ఉంటే..."

"పోసుకున్న నీళ్ళకు బదులు రెండు బకెట్లు మోసి పెట్టు. మూడో అంతస్తు."

ఆయన ఏదో చెప్పబోయాడు. నేను చెప్పనివ్వలేదు. బకెట్లు ఎత్తాడు. మెట్లు ఎక్కుతున్నంతసేపూ, మీకు ఇందాక చెప్పిన చరిత్రంతా ఆయనకూ చెప్పాను. ఏ అంతస్తు చరిత్ర ఆ అంతస్తులోనే. నాదస్వరం దగ్గర ఒక బకెట్టు దించి అలుపు తీర్చుకున్నాడు. ఊగే రెయిలింగు మీద చెయ్యి వేయించి మరీ చూపించాను.

"ఇదంతా ఓనరుకు చెప్పలేదా మా?" అని ఆయాసపడుతూ అడిగాడు.

"ఆ మహానుభావుడికా? జుట్టుకు రంగేసుకునేదానికే ఆయనకు పొద్దు సాలదు. బిల్డింగు యాడ చూస్తాడు?"

పెద్దాయన చెయ్యి మెల్లగా తన గుండు మీదికి వెళ్ళింది. గంధం ఆరి దురద పెడుతోంది కాబోలు అనుకున్నాను. చూశారా, దేవుడు ఎంత స్పష్టంగా సైగ చేశాడో.

ఆ రెండు బకెట్లూ చాలలేదు. ఇంకో రెండు తెప్పించాను. అవీ చాలక మళ్ళీ పంపాను. చివరికి మా అత్తే జాలిపడి, "ఇట్లా కూచో నాయనా," అని వంటింట్లో పీట వేసి మజ్జిగ ఇచ్చింది. ఇద్దరూ మోకాళ్ళ గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆమె బాల్కనీలోని బుట్టను కూడా చూపించింది.

అప్పుడు కింద కారు ఆగింది. తొంగి చూస్తే ఒక భారీ మనిషి దిగాడు. తెల్ల చొక్కా, మెడలో లావు గొలుసు, నున్నటి గుండు. అయ్యో, ఓనరు గారు జుట్టంతా స్వామికి ఇచ్చేశారు, అలిపిరిలో మా ఆయన గుబురు జుట్టు కోసమే వెతుకుతుంటాడు. ఓనరన్నవాడు కారులోనే వస్తాడు కదా. ఈ తర్కం నాది, ఎవరూ నేర్పలేదు.

కిందికి దూకి, నమస్కారం పెట్టి, సరోజ తలుపు తీసేలోపే ఆయన్ని మా ఇంటికి ఎక్కించేశాను. ఆయన ఎందుకని అడగలేదు. వడలు పెడితే తిన్నాడు, ఇంకా పెడితే ఇంకా తిన్నాడు.

"సార్, కింది ఇల్లు మాకిస్తే మా అత్త మిమ్మల్ని సచ్చేదాకా మర్చిపోదు."

"దానికేముండాది మా, తీసుకోండి," అన్నాడు ఆయన వడ నములుతూ.

వంటింట్లో మజ్జిగ తాగుతున్న పెద్దాయనకు పొలమారింది. "ఏం పెద్దాయనా, పెద్దోళ్ళు మాట్లాడతా ఉంటే ఆ దగ్గేంది?" అని కసిరాను.

ఆ మాట పూర్తికాక ముందే పెద్దాయన జేబులో ఫోను మోగింది. తీసి, అందరికీ వినపడేలా మాట్లాడాడు.

"ఆఁ, మునిరత్నాన్నే అప్పా. అలిపిరిలో ఎందుకు ఎతకతా ఉండావు? నేను మీ ఇంట్లోనే ఉండాను. పొద్దుట్నుంచి మీకు నీళ్ళు మోస్తా ఉండాను."

మా ఆయన అవతల ఏమన్నాడో తెలియదు. నాకు మాత్రం వంటిల్లు గిర్రున తిరిగింది. అదే క్షణంలో సరోజ గుమ్మంలోకి వచ్చి, "బావా, ఈడుండావా? నీ కోసం ఊరంతా ఎతకతా ఉండాము," అని భారీ మనిషిని లేపింది. ఆయన మిగిలిన వడల ప్లేటు కూడా తీసుకుని దిగిపోయాడు. ఆ ప్లేటు ఇప్పటికీ తిరిగి రాలేదు. అది కూడా నాకు గుర్తుంది.

"సార్, మీరు ముందే ఒక్క మాట చెప్పుంటే..." అన్నాను.

"చెప్పేదానికి సందు యాడిచ్చినావు మా? నాదస్వరం కాడ ఒకసారి నోరు తెరిచినాను. అంతలోకే నువ్వు రెయిలింగు కాడికి పోయినావు."

మా అత్త తలవంచుకుని, తన బుట్ట తాడును చుట్టుకుంటూ నిలబడింది. ఆ క్షణంలో నాకు నా పరువు గుర్తు రాలేదు. ఆమె కనకాంబరాలు గుర్తొచ్చాయి. ఎలాగైనా సాధించాలనుకున్నదాన్ని నేనే నా నోటితో పాడుచేశానని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా వెనక్కి తగ్గలేదు.

"సార్, నన్ను ఏమన్నా అనండి. ఇల్లు మాత్రం ఆమె కోసం ఇయ్యండి."

ఆయన గ్లాసు కింద పెట్టి లేచాడు. "ఆయమ్మ కోసమే ఇస్తా ఉండాను. ఆ మెట్లు ఎట్లాంటివో ఈ పొద్దు నా మోకాళ్ళకూ తెలిసింది. ఇంకొక మాట. గేటు బీగాలు నువ్వే పెట్టుకో మా. నువ్వు కింద ఉంటే ఎవురి చుట్టాలూ రెండో పూట నిలబడరు. సంపు ఎప్పుడూ నిండుగా ఉంటాది."

అది మెప్పో దెప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు. తేలేవరకూ మరిచిపోను.

వారం తిరక్కుండా కిందికి దిగాం. మోటారు బాగయింది, రెయిలింగుకు వెల్డింగు పడింది. మా అత్త రోజూ సాయంత్రం గేటు దగ్గర కుర్చీ వేసుకుని పూలమ్మతో హాయిగా పోట్లాడుతోంది. ఓనరు గారి జుట్టు మళ్ళీ గుబురుగా పెరిగింది, దాని మీద రంగూ పడింది. అయినా ఎప్పుడు వచ్చినా గేటు బయటే ఆగి, వీధంతా వినపడేలా అడుగుతాడు.

"మా, నేను ఓనర్ని. కాళ్ళు కడుక్కోవచ్చునా?"

అందుకే ఏడుకొండలవైపు తిరిగి, తడిబట్టలతో ప్రమాణం చేశాను. గుండు మీద గంధం ఉన్నంతవరకు ఏ మనిషినీ పల్లెత్తు మాట అనను. గంధం ఆరాక మాత్రం మాట ఇవ్వలేను.